మూడో గంట

జనవరి 6, మంగళవారం

బంతీ,

ఎలా ఉన్నావని అడగను. బాగా కాదు, అతిగా ఉన్నావని మీ వదిన చెప్పింది. నలభై రెండు కిలోమీటర్ల మారథాన్‌కి పేరిచ్చావట. డాక్టర్లు నిన్ను పద్నాలుగు కిలోలు తగ్గమన్నారు, బీపీ దించుకోమన్నారు. తగ్గావు, దించావు, సంతోషం. అక్కడితో ఆగడానికేం రోగం? చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే నీ సంచీ, నా సంచీ రెండూ భుజాన వేసుకుని నేను పరిగెత్తేవాణ్ణి. నువ్వు వెనకాల తీరిగ్గా నడిచి వచ్చేదానివి. ఆలస్యం చేయించానని టీచరు నన్నే తిట్టేది. అలాంటి మనిషివి ఇప్పుడు ఐదు గంటలు పరిగెడతానంటే నవ్వాలా, ఏడవాలా?

ఇది డయాలసిస్ కుర్చీలోంచే రాస్తున్నాను. మంగళ, గురు, శని, నాలుగేసి గంటలు. ఒక చెయ్యి మెషీనుకి, ఒక చెయ్యి నీకు. ఫోన్ చేయొచ్చు గానీ మన సంగతి తెలిసిందేగా, రెండో నిమిషంలో ఎవరో ఒకరు కోపంతో పెట్టేస్తాం. ముఖ్యమైన మాటలు కాయితం మీదే మాట్లాడుకోవాలని మీ వదిన పెట్టిన రూలు మంచిదే. కాయితం మీద నువ్వు నా మాటకి అడ్డుతగలలేవు.

పక్క కుర్చీలో దర్జీ పెద్దాయన ఒకాయన ఉంటాడు. నాకంటే నాలుగేళ్ళు సీనియరు. మొదటి గంట నిద్ర, రెండో గంట కబుర్లు, మూడో గంట నరకం, నాలుగో గంట ఇల్లు అంటాడు. నిజమే. మూడో గంటలో బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, సూదులు పీకేసి లేచిపోదామనిపిస్తుంది. ఆయన ఆ గంటలో కళ్ళు మూసుకుని, కుట్టాల్సిన చొక్కాల కొలతలు పైకి చదువుకుంటాడు. నేను డిపోలో ప్రయాణికులు మర్చిపోయిన సామాన్ల జాబితా చదువుకుంటాను. బస్సు నడిపిన చేతులకి ఇప్పుడు గొడుగులు లెక్కపెట్టే ఉద్యోగం.

ఇక అసలు మాట. నీ కిడ్నీ నాకొద్దు. ఇది ఐదోసారి చెప్పడం. నీకు పరిగెత్తాలని ఉంటే పరిగెత్తు, నా కోసమని మాత్రం పరిగెత్తకు.

నీ మొండితనంతో ఏ సంబంధమూ లేని
అన్నయ్య


జనవరి 11, ఆదివారం

అన్నయ్యకి,

ముందు తిట్లు, క్షేమం తరవాత. వద్దని ఐదోసారి రాశావు. నేను మూడోసారికే లెక్కపెట్టడం మానేశాను. నువ్వు వద్దంటావు, నేను ఇస్తానంటాను, ఆ పరీక్షలేవో పూర్తయ్యాక కొట్లాడుకుందాం. నాన్న పోయినప్పుడు మనం ఏం చేయగలిగాం? నువ్వు వరండాలో నిలబడ్డావు, నేను మెట్ల మీద కూర్చున్నాను. ఈసారి నా చేతిలో ఒకటుంది. దాన్ని పట్టుకుని ఊరికే కూర్చోమంటే నావల్ల కాదు.

మారథాన్ ఎందుకంటావా? చెప్తే నవ్వుతావు. మొదట్లో ఈ దీపం స్తంభం నుంచి ఆ దీపం స్తంభం దాకా పరిగెత్తి, చుట్టూ చూసి, ఎవరూ లేకపోతే నడిచేదాన్ని. పరుగంటే ఒళ్ళు మంట. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దస్తమానం అద్దాలు అరగదీసే మెషీను దగ్గర నిలబడి వచ్చాక మళ్ళీ రోడ్డు మీద పడాలంటే ఏడుపొచ్చేది. బరువు తగ్గింది. ఆ తరవాత భయం పట్టుకుంది. ఆగితే బరువు తిరిగొస్తుందని, బీపీ పెరుగుతుందని, నీ దగ్గరికి రాకుండానే నన్ను వెనక్కి పంపేస్తారని. ఆ భయంతోనే పది చేశాను, ఇరవై చేశాను. భయానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలిగా, అందుకని నలభై రెండు దగ్గర గీశాను.

కానీ అన్నయ్యా, పరుగులో మనసు మన మాట వినదు. మొన్న ఏడో కిలోమీటరులో నా అంత మొనగత్తె లేదనిపించింది. పదకొండులో ఏ కారణమూ లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. పద్నాలుగులో ఆకలేసి, ఇంట్లో ఏం మిగిలిందా అని ఆలోచించుకుంటూ వచ్చేశాను. మీ బావగారు, అదే మా ఆయన, తలుపు తీసి నా మొహం చూసి ఎవరైనా పోయారా అని అడిగాడు.

మాకు నేర్పే ఆవిడ ఒకామె ఉంది. మెళ్ళో ఎప్పుడూ విజిల్ ఉంటుంది, అందుకని విజిలమ్మ అంటాం. ఇరవై ఐదో తారీఖు ఆదివారం ముప్ఫై రెండు కిలోమీటర్లు పరిగెత్తి తీరాలంటోంది. నాకేమో ఇరవై ఆరు సోమవారం నుంచి ఇక్కడి ఆసుపత్రిలో పరీక్షలు. ఒక రోజంతా మూత్రం పట్టి ఇవ్వాలట, రక్తం ఇవ్వాలట. ముందు రోజు అంత పరుగు వద్దేమోనని ఒక మనసు. మానేస్తే మారథాన్ చేయలేనేమోనని ఒక మనసు. మీ ఆసుపత్రిలో కిడ్నీల విభాగం వాళ్ళు నీకేమైనా చెప్పారా? నువ్వేమంటే అది చేస్తాను. ఇది నా జన్మలో మొదటిసారి, దాచుకో.

మూడోసారికే లెక్క మానేసిన
చెల్లి


జనవరి 17, శనివారం

బంతీ,

నేనేమంటే అది చేస్తానని నువ్వు రాసిన కాయితాన్ని మీ వదినకి చూపించాను. ఆవిడ నమ్మలేదు, దస్తూరీ చూసి ఒప్పుకుంది.

పరిగెత్తు. ముప్ఫై రెండూ పరిగెత్తు, ఒక్కటి కూడా తగ్గించకు. పరీక్షలకేముంది, సీసాలో పట్టి ఇవ్వడమేగా. పరుగు మానేస్తే ఆ దిగులుతోనే నీ బీపీ పెరుగుతుంది. ఇన్ని నెలలు పడ్డ పాట్లు ఒక్క ఆదివారం కోసం పాడుచేసుకోకు.

ఎలా పరిగెత్తాలో నాకు తెలీదు, కూర్చోవడం ఎలాగో తెలుసు. అందులోంచి ఒక మాట చెప్తాను, పనికొస్తే వాడుకో. మూడో గంటలో ఏ నిర్ణయమూ తీసుకోకు. ఆ గంటలో మనసు చెప్పేదంతా అబద్ధం. లేచిపో అంటుంది, నువ్వెందుకూ పనికిరావంటుంది, అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారంటుంది. దానితో వాదించకు. సరేలే, గంటయ్యాక మాట్లాడదాం అని ఊరుకో. నేను అలాగే నెట్టుకొస్తున్నాను. రెండేళ్ళయింది, గంటయ్యాక అది మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఈ వారం డిపోకి ఒక చంకకర్ర వచ్చింది. బస్సులో చంకకర్ర మర్చిపోయిన మనిషి దిగి ఎలా నడిచి వెళ్ళాడో నాకు అంతుపట్టడం లేదు. రోజూ దాన్ని చూసి ఆలోచిస్తున్నాను.

నీళ్ళు బాగా తాగు. నాకు రోజుకి నాలుగు గ్లాసులే, నా వాటా కూడా నువ్వే తాగు.

అన్నయ్య


జనవరి 28, బుధవారం

అన్నయ్యా, అన్నయ్యా,

రెండుసార్లు పిలిచానంటే అర్థం చేసుకో. ముప్ఫై రెండు అయిపోయింది. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగుతున్నాను. దుకాణంలో అందరూ నా నడక చూసి ముసిముసి నవ్వులు.

మొదటి పది కిలోమీటర్లు పెళ్ళిపందిట్లో పిల్లలా తిరిగాను. పద్దెనిమిది దాకా లోపల పాటలు. ఇరవై నాలుగు నుంచి మనసు మొహం ముడుచుకుంది. నిరుడు మా ఓనరు అన్న మాట ఒకటి గుర్తొచ్చి, దానికి సమాధానం కుదుర్చుకుంటూ రెండు కిలోమీటర్లు గడిపాను. ఇరవై ఏడులో ఆ కోపం కూడా అయిపోయింది. ఏమీ మిగల్లేదు. బస్టాపు బల్ల కనపడింది, కూర్చుండిపోయాను. కూర్చోవాలని అనుకోలేదు, కాళ్ళే కూర్చున్నాయి. సరిగ్గా అప్పుడే బస్సొచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తీసి, ఎక్కుతారా అని ఎంత మర్యాదగా అడిగాడో. నీ వయసే ఉంటుంది. కిటికీ పక్కన ఖాళీ సీటు. ఎక్కితే పావుగంటలో ఇంట్లో ఉంటాను. గడియారం చూసుకున్నాను, మూడు గంటలా ఇరవై నిమిషాలైంది. నీ మూడో గంట నాకు కాస్త ఆలస్యంగా వచ్చిందనుకున్నాను.

గంటయ్యాక మాట్లాడదాం అన్నాను. పైకే అన్నాను. డ్రైవరు బిత్తరపోయి తలుపేసుకుని వెళ్ళిపోయాడు. లేచాను. ఆ మిగతా ఐదు ఎలా చేశానో అడక్కు. కాళ్ళ వంక చూస్తూ, ఇది నావల్ల కాదు, ఇది నావల్ల కాదు అంటూనే చేశాను. విజిలమ్మ చివర్లో నిలబడి విజిల్ ఊదడం మర్చిపోయి చేతులూపింది. నీ మాట వల్లే లేచాను అన్నయ్యా. నువ్వు ఇంత మంచి మాట చెప్పగలవని నలభై ఏళ్ళలో నాకు తెలీదు.

సోమవారం పొద్దున నుంచి పరీక్ష. ఐదు లీటర్ల తెల్ల డబ్బా ఇచ్చారు. రిపబ్లిక్ డే అయినా సెలవు దొరక్క దాన్ని దుకాణానికే పట్టుకెళ్ళాను. చల్లగా ఉంచమన్నారని నాలుగు సంచుల్లో చుట్టి అందరి టిఫిన్ బాక్సుల పక్కన ఫ్రిజ్‌లో పెట్టాను. ఓనరు ఇదేంటమ్మా పళ్ళరసమా అని అడిగితే, మా అన్నయ్య కోసం అన్నాను. అబద్ధం కాదుగా.

వచ్చే బుధవారం రిజల్ట్. నా మనసుకి అన్నీ మంచిగానే తోస్తున్నాయి.

ముప్ఫై రెండు కిలోమీటర్ల
బంతి


ఫిబ్రవరి 3, మంగళవారం

బంతీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేదు. దర్జీ పెద్దాయన అడిగితే బస్సు సంగతి చదివి వినిపించాను. ఆయన మెషీను అలారం మోగేంతగా నవ్వాడు. నర్సు వచ్చి ఇద్దర్నీ కసిరింది.

నువ్వు మెట్లు వెనక్కి తిరిగి దిగొద్దు, పడతావు.

రిజల్ట్ ఏదొచ్చినా మనసు కష్టపెట్టుకోకు. బాగా రాకపోయినా అదేమీ ప్రళయం కాదు. నేను బాగానే ఉన్నాను, ఇలాగే ఏళ్ళకేళ్ళు గడిపేవాళ్ళున్నారు. పోయినవాళ్ళ కిడ్నీ కోసం ఎదురుచూసే లిస్టులో నా పేరు ఎలాగూ ఉంది, ఎప్పుడో ఒకప్పుడు ఎవరిదో ఒకరిది వస్తుంది. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నట్టే. ఇంకేం రాయాలో తోచడం లేదు. చెయ్యి నొప్పిగా ఉంది.

అన్నయ్య


ఫిబ్రవరి 7, శనివారం

నీకు,

ఏ సంబోధనా రాయాలని లేదు.

మూత్రంలో ప్రొటీన్ పోతోందట, రక్తం కూడా ఉందట. డాక్టరు కాయితం చూసి కళ్ళజోడు తీసి నా వంక చూసింది. ముందు రోజు ఏమైనా గట్టి శ్రమ చేశారా అని అడిగింది. ముప్ఫై రెండు కిలోమీటర్లు పరిగెత్తానని కాస్త గర్వంగానే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. అంత పరుగు పరిగెత్తితే రెండు మూడు రోజులు ఎవరికైనా ఇలాగే రావచ్చట. అందుకే పరీక్షకి ముందు నాలుగు రోజులు శ్రమ పనికిరాదని ఒక సూచనల కాయితం ఇస్తారట. మీకు అందలేదా అంది. లేదన్నాను. మీ ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఇచ్చేవాళ్ళకి అందజేయమని పేషెంటు చేతికే ఇచ్చామని, సంతకం కూడా ఉందని వాళ్ళు దాని నకలు పంపారు.

నీ సంతకమే. తారీఖు జనవరి 13. నువ్వు నాకు పరిగెత్తు, ఒక్కటి కూడా తగ్గించకు అని రాసింది పదిహేడున.

నేను మతిమరపు అనుకున్నాను. ఇంటికొచ్చి వదినకి ఫోన్ చేశాను. ఆవిడ వెతికితే నీ బస్సుల టైమ్‌టేబుల్ పుస్తకంలో, మధ్య పేజీల్లో, నాలుగు మడతలు పెట్టి ఉంది. మర్చిపోయిన కాయితాన్ని ఎవరూ నాలుగు మడతలు పెట్టరు.

ఆ బల్ల మీదనుంచి నేను నీ మాట పట్టుకుని లేచాను. అది తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది. నువ్వు ఆ మాట రాసేటప్పుడు నవ్వుకున్నావా? నన్ను బుట్టలో వేయడానికేనా ఆ తియ్యటి మాటలు? నీకు నా కిడ్నీ వద్దంటే వద్దను, వందసార్లు వద్దను. నా చేత్తోనే నన్ను ఓడించడానికి నీకెలా మనసొప్పింది?

మార్చి 16న మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా ఖాళీ లేదట. మారథాన్ ఈ ఇరవై రెండున. పరిగెత్తొచ్చు గానీ ఆ తరవాత మూడు వారాలు అడుగు కూడా వేగంగా వేయకూడదంది డాక్టరు. పరిగెడతాను. నీ కోసం కాదు. కోపం ఎక్కడైనా దింపుకోవాలిగా.

జవాబు రాయకు.


ఫిబ్రవరి 12, గురువారం

బంతీ,

రాయకన్నావు. రాస్తున్నాను. చింపేస్తావో చదువుతావో నీ ఇష్టం.

దాచాను. కావాలనే దాచాను. నవ్వుకోలేదు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపలే పెట్టుకుని కాసేపు నిలబడ్డాను, తిరిగి అందుతుందేమోనని. అందలేదు. మూడో గంట మాట మాత్రం నిజం. నేను రాసినవాటిలో అదొక్కటే నిజం.

నిన్ను ఆపడానికి నా దగ్గర ఇంకేం మిగిలింది చెప్పు. వద్దని ఐదుసార్లు చెప్పాను, మీ వదిన చేత చెప్పించాను. నువ్వు వింటేగా. ఇక్కడ కుర్చీల్లో ఇద్దరున్నారు, ఇంట్లోవాళ్ళ కిడ్నీ తీసుకున్నవాళ్ళే. ఒకాయనకి ఎనిమిది నెలలకే అది చెడిపోయింది. ఆయన భార్య ఇచ్చింది. ఆవిడ రోజూ తోడొస్తుంది, బయట బెంచీ మీద కూర్చుంటుంది. ఏమీ అనదు. ఆయన ఆవిడ మొహం చూడలేడు, వెళ్ళేటప్పుడు నేల చూపులు చూస్తూ వెళ్తాడు. నేను నీ మొహం అలా చూడకుండా బతకలేను. నాన్నకున్నది నాకొచ్చింది, నాకొచ్చింది నీకు రాదని ఎవరు రాసిచ్చారు? అప్పుడు నీకు ఒక్కటే ఉంటే? ఈ భయాలన్నీ నీతో చెప్పితే కొట్టిపారేస్తావు. అందుకని దొంగదారి తొక్కాను.

తప్పు చేశాను. మళ్ళీ నీకు అబద్ధం రాయను. పరీక్ష సంగతి నీ ఇష్టం, నేను అడ్డురాను. పందెం రోజు ఆదివారం గనక ఇంట్లోనే ఉంటాను. నువ్వు మూడో గంటలో ఉన్నప్పుడు నేనూ కుర్చీలో కూర్చుంటాను. దానివల్ల నీకేమీ ఒరగదని తెలుసు.

అన్నయ్య


ఫిబ్రవరి 24, మంగళవారం

అన్నయ్యా,

చింపలేదు. అలాగని క్షమించాననుకోకు. ముందు పందెం సంగతి విను, కోపం సంగతి అందులోనే వస్తుంది.

ఐదు గంటలా ఇరవై ఆరు నిమిషాలు. పూర్తి చేశాను.

బయలుదేరేచోట వేలమంది. అందరూ పక్కవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతున్నారు. నేను మాత్రం నిన్ను ఏమేం తిట్టాలో వరసపెట్టుకుంటూ నిలబడ్డాను. నలభై రెండు కిలోమీటర్లకీ సరిపోయేంత సరుకుంది నా దగ్గర. చిన్నప్పుడు నా రంగు పెన్సిళ్ళు విరిచింది మొదలుకుని. మొదటి పది నీ మీద కోపంతోనే ఎగిరిపోయాను. ఎక్కువ వేగం పోతున్నావని విజిలమ్మ పక్కనుంచి అరిచింది. వింటేగా.

పన్నెండులో ఒకావిడ నా పక్కన చేరింది. అరవై దాటినట్టుంది. ఏ మాటా లేకుండా ఇద్దరం నాలుగు కిలోమీటర్లు కలిసి వెళ్ళాం. ఆవిడ శ్వాస నాకు, నా శ్వాస ఆవిడకి ఆసరా. ఎంత హాయిగా ఉందో. ఆ తరవాత ఆవిడ ముందుకెళ్ళిపోయింది. ఎవరో కావలసినవాళ్ళు వదిలేసి పోయినట్టు అనిపించింది. పేరు కూడా తెలియని మనిషి కోసం కళ్ళు తుడుచుకోవడం ఏంటి చెప్పు.

సగం దాటాక తలలో లెక్కలు మొదలయ్యాయి. ఇంకా ఇరవై ఒకటి. ఇంకా ఇరవై. ఈ వేగానికి ఇంకా రెండున్నర గంటలు. ఆ లెక్క చేస్తే కాళ్ళు బరువెక్కుతాయి, మానేస్తే భయం వేస్తుంది. ఇరవై ఐదులో ఒక్కసారిగా ఏదో తలుపు తెరుచుకున్నట్టు మళ్ళీ తేలిక. ఇంకెన్నైనా పరిగెత్తగలను అనిపించింది. ఇదీ నమ్మకూడదని ఇప్పుడు తెలుసు.

ముప్ఫై దగ్గర పడిపోయాను. కింద కాదు, లోపల. పిక్కలు కాదు, తొడలు కాదు, నేనే అయిపోయాను. రోడ్డు పక్కన జనం చప్పట్లు కొడుతుంటే, వీళ్ళకేం పనిలేదా అని చిరాకు. ఎవరో చిన్నపిల్ల నీళ్ళ గ్లాసు అందిస్తే పట్టుకోలేక జారవిడిచి, దాన్ని చూస్తూ నిలబడిపోయాను. గడియారం మూడు గంటలా నలభై. అప్పుడు నీ కోసం దాచుకున్న తిట్లన్నీ బయటికి తీద్దామని చూశాను. ఒక్కటీ లేదు. అన్నీ దారిలో అయిపోయాయి. కోపం అంత తొందరగా అయిపోతుందని నాకు తెలీదు. నాలుగు రోజులు తిండి మానేసి పోగేసుకున్న కోపం అది.

మిగిలింది ఒక్కటే. నువ్వు ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నావని. నిజంగా కూర్చున్నావో లేదో నాకు తెలీదు. కూర్చునే ఉంటావనుకుని అడుగేశాను. పరిగెత్తలేదు, నడిచాను. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై ఐదు దాకా నడకే. ఏడుస్తూ నడిచాను, ఏడుపాపి నడిచాను. నిన్ను ఆ కుర్చీలోంచి లేపలేను. నన్ను ఈ రోడ్డు మీదనుంచి నువ్వు లేపలేవు. ఇద్దరం ఎవరి గంట వాళ్ళే గడపాలి. ఆ మాట మనసుకి తట్టాక విచిత్రంగా కాళ్ళు కాస్త కదిలాయి. ధైర్యం వల్ల కాదు, వేరే దారి లేక.

చివరి రెండు కిలోమీటర్లలో ఏమీ అనుకోలేదు. గీత దాటాక మెళ్ళో పతకం వేశారు. సంతోషం వస్తుందని నిలబడ్డాను. రాలేదు. నిన్న దుకాణంలో అద్దం అరగదీస్తుంటే వచ్చింది, అప్పుడు నవ్వు ఆగలేదు. ఓనరు కంగారుపడి కుర్చీ వేశాడు.

ఇక మూడు వారాలు పరుగు లేదు, వడివడి నడకా లేదు. మార్చి 16న మళ్ళీ డబ్బా. ఈసారి ఏ అడ్డూ లేదు. నువ్వు తీసుకుంటావో లేదో నువ్వే చెప్పు. కాయితం మీద చెప్పు, నిజం చెప్పు.

చెల్లి


మార్చి 17, మంగళవారం

బంతీ,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకు. రాసి రాసి చింపాను. కూర్చున్నాను. ఆ ఆదివారం పొద్దున నుంచి ఐదున్నర గంటలు కూర్చున్నాను. అది నిజం.

దర్జీ పెద్దాయన లేడు. పోయిన గురువారం రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. శనివారం ఆ కుర్చీలో కొత్తాయన కూర్చున్నాడు. నర్సుని అడిగితే, బుధవారం పోయారని చెప్పి నా బీపీ చూసి రాసుకుని వెళ్ళింది. ఆమెనేం అంటాం, ఆమె పని ఆమెది. కొత్తాయన మూడో గంటలో నా వంక చూసి, ఇది ఎప్పటికి అలవాటవుతుందని అడిగాడు.

ఇంటికొచ్చి మీ వదిన ముందు ఏడ్చాను. ఇన్నాళ్ళూ వద్దు వద్దన్నది నీ మీద ప్రేమతో అనుకున్నాను. అందులో సగం బింకం. అడిగితే లోకువైపోతానని భయం. చిన్నప్పటి నుంచి నీ సంచీ నేను మోసినవాణ్ణి, నీ దగ్గర చెయ్యి చాపడం రాదు నాకు.

నిజం చెప్పమన్నావు కదా. నాకు బతకాలని ఉందే. మళ్ళీ బస్సు నడపలేకపోయినా సరే, దాహం వేసినప్పుడు గ్లాసు నిండా నీళ్ళు తాగాలని ఉంది. ఇస్తానంటే తీసుకుంటాను. నువ్వు అడగడం కాదు, నేనే అడుగుతున్నాను. ఇస్తావా?

అన్నయ్య


మార్చి 22, ఆదివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున వచ్చింది. దుకాణంలోనే చదివాను. మా అన్నయ్య అడిగాడు, మా అన్నయ్య అడిగాడు అని కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పాను. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చిన ముసలావిడకి కూడా చెప్పాను. ఏమడిగాడమ్మా అంటే, చెప్పలేక ఆవిడ చేతులు పట్టుకున్నాను. నా జన్మలో అంత సంతోషం ఎరగను.

సాయంత్రం ఆసుపత్రికి రమ్మన్నారు.

మూడు వారాలు బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తలేదు అన్నయ్యా. చెప్పింది చెప్పినట్టు చేశాను. అయినా అదే వచ్చింది. ప్రొటీను, రక్తం, పోయినసారి ఎంతో అంతే. డాక్టరు ఇంకా రెండు పరీక్షలు అప్పటికప్పుడు చేయించి, కూర్చోబెట్టి చెప్పింది. నాన్నకున్నదే, నీకున్నదే, నాకూ మొదలైందట. తొలిదశే అంది. మాత్రలు వాడితే ఇరవై ఏళ్ళు ఏమీ కాకపోవచ్చు, అసలెప్పటికీ కాకపోవచ్చు అంది. ఇంత ముందుగా బయటపడటం అదృష్టం అంది. ఆవిడ మంచిదే, కానీ ఆ మాటకి మొహం మీద కొట్టాలనిపించింది.

ఇవ్వడానికి మాత్రం కుదరదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ.

నువ్వు కాయితం దాచినందువల్ల ఏమీ చెడిపోలేదు. దాచకపోయినా ఇదే వచ్చేది. అది నీ మనసులోంచి తీసెయ్. ఇన్నాళ్ళకి నువ్వు నోరు తెరిచి అడిగావు. నేను ఇవ్వలేనని రాయాల్సి వస్తోంది. ఈ ఒక్క ముక్క రాయడానికి రెండు రోజులు పట్టింది. మా ఆయన తాను పరీక్ష చేయించుకుంటానంటున్నాడు, నీ రక్తం గ్రూపుతో కలవదని తెలిసి కూడా.

నాకు నీ మీద కోపం లేదు. నాకేం చేయాలో తెలీడం లేదన్నయ్యా.

బంతి


మార్చి 26, గురువారం

బంతీ,

మొదటి గంటంతా కాయితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏం చేయాలో నాకూ తెలీదు. నాది ఎలా ఉన్నా నెట్టుకొస్తాను. నీది మాత్రం నావల్ల కావడం లేదు. నీకు రాకూడదని దొంగపనులు కూడా చేశాను. అది నేను దాచకముందే నీ ఒంట్లో ఉంది.

ఇవి మాత్రం రాసుకో. మొదట్లో నాకెవరూ చెప్పలేదు.

పరుగు తరవాత ఒళ్ళు నొప్పులని మాత్రలు మింగుతున్నావేమో, ఇవాళే పారెయ్. ఆ నొప్పి మాత్రలు కిడ్నీని తినేస్తాయి. ఉప్పు సగానికి సగం తగ్గించు, నాలుగు వారాల్లో నాలుక అదే ఊరుకుంటుంది. పొద్దున, సాయంత్రం బీపీ చూసుకుని పుస్తకంలో రాయి. బాగున్న రోజు కూడా రాయి. పాదాలు ఉబ్బితే చెప్పులది తప్పనుకోకు, నేను ఆర్నెల్లు అలాగే అనుకున్నాను. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళకు, చెప్పింది సగం చెవికెక్కదు. నన్ను రమ్మంటే సోమవారమో బుధవారమో శుక్రవారమో వస్తాను. ఆ మూడు రోజులూ నావే.

పరిగెత్తొచ్చేమో డాక్టర్ని అడుగు. ఒప్పుకుంటే మానకు.

ఇంకొకటి ఉంది. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది. చెయ్యి రాక చివరిదాకా తెచ్చాను. రక్తం తీయడానికి ఎవరొచ్చినా కుడి చెయ్యే ఇవ్వు. ఎడమ చేతిలో ఎవరినీ సూది గుచ్చనివ్వకు. డయాలసిస్ సూదులు పెట్టేది ఆ చేతి నరాలకే, వాటిని జాగ్రత్తగా దాచుకో. వాటితో నీకు ఎప్పటికీ పనిపడకూడదు. అయినా దాచుకో.

అన్నయ్య